నలభై రెండో ఫ్రేము

ఒంటిగంటకు కింద కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ముందు గుమ్మం దగ్గరిది, తర్వాత కాజాలు కుట్టేది, అన్నిటికంటే ఆఖర్న మాస్టరు సొంత మిషను. ఆయనకు ఆకలి కంటే మొండితనం ఎక్కువ. అది కూడా ఆగాక నా గదిలో నేల నిలబడుతుంది. మిగతా రోజంతా ఈ నేల వణుకుతూనే ఉంటుంది, మామూలు మనుషులకు తెలియదు, నాకు తెలుస్తుంది, నాకంటే ముందు నా కెమెరాకు తెలుస్తుంది, ఎందుకంటే పువ్వుకు ఇంత దగ్గరగా వెళ్ళాక వెంట్రుకవాసి వణుకు కూడా భూకంపమే. కిందవాళ్ళు భోజనాలు ముగించి మళ్ళీ మిషన్ల ముందు కూర్చునేది రెండింటికి. అంటే రోజు మొత్తంలో నాకంటూ ఉన్నది ఒక గంట. ఆ గంటలో ఎనభై ఫ్రేములు. కెమెరా కింది మర ఒక గీత తిప్పాలి, కంటికి తెలియనంతగా కెమెరా ముందుకు జరుగుతుంది, ఆ కదలిక సద్దుమణిగేదాకా ఆగాలి, తీగ చివరనున్న బొత్తాం నొక్కాలి, మళ్ళీ ఒక గీత. ఒక్కో ఫ్రేముకు అర నిమిషం. ఒక్కో ఫ్రేములో పువ్వు ఒక పొర మాత్రమే స్పష్టంగా ఉంటుంది, మిగతాదంతా మసక. తర్వాత ఎనభై పొరలనూ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ముందున్న కేసరం నుంచి వెనకున్న రేకు అంచు దాకా అంతా స్పష్టంగా ఉన్న పువ్వు ఒకటి తయారవుతుంది. అలాంటి పువ్వును ఎవరి కన్నూ ఎప్పుడూ చూసి ఉండదు. విత్తనాల కంపెనీల క్యాలెండర్లకు ఇలాంటివి తీసిపెట్టడం నా పని. ఇవాళ్టిది గసగసాల పువ్వు, ఎర్రది. పొద్దున్నే కాడ చివర అగ్గిపుల్లతో కాల్చాను, కాల్చకపోతే పాలు కారిపోయి తొందరగా వాలిపోతుంది. ఒకటి. రెండు.

నాన్న తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కదలొద్దని చెప్పాను, కదలడం లేదు. ముప్పై నాలుగేళ్ళు అచ్చుప్రెస్సులో రంగులు సరిచూసిన మనిషి. నలుపు, నీలం, ఎరుపు, పసుపు నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో కాగితం మీద భూతద్దం ఆనించి చూసి, కూర్చోకపోతే మిషను ఆపించేవాడు. ఆయన ఆపించాడంటే ఓనరు కూడా నోరు మెదిపేవాడు కాదు. కదలకుండా కూర్చోవడం ఆయనకు నేను నేర్పక్కర్లేదు. అమ్మ మా ఇద్దరికీ కలిపి భూతద్దాలని పేరు పెట్టింది. భూతద్దాలిద్దరూ భోజనానికి వస్తారా అని పిలిచేది. లోకంలో అందరి తప్పులూ పట్టుకుంటారు, ఇంట్లో దుమ్ము ఒక్కటీ కనపడదు ఇద్దరికీ అనేది. అమ్మ పోయి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో నాన్న ఈ మెట్లెక్కడం ఇదే మొదటిసారి. ఒంటిగంటకు పావుగంట ముందు వచ్చాడు, ఎందుకొచ్చాడో చెప్పలేదు, నేను అడగలేదు. చొక్కా జేబులో భూతద్దం ఉంది, దాని బరువుకు జేబు కిందికి సాగింది. ఆ జేబు వైపు చూడకుండా ఉండటానికి నేను పువ్వు వైపు చూస్తున్నాను. ఏడు. ఎనిమిది.

ఇంత దగ్గరగా వెళ్ళాక పువ్వు పువ్వులా ఉండదు. ఎరుపు కూడా ఎరుపులా ఉండదు, సన్నటి గీతలు, వాటి మధ్య తడి, గీతలు కలిసే చోట నలుపు. మధ్యలో కాయ, దాని మీద చారల మూత, చుట్టూ కేసరాలు, వాటి తలల మీద పొడి. అందం గురించి జనం మాట్లాడే మాటలు ఏవీ ఇక్కడికి రావు. నాకు అదే హాయి. హాయి అనడం కూడా ఎక్కువేమో, ఏమీ అనిపించకపోవడం. ఎనిమిది నెలలుగా నాకు ఏమీ అనిపించడం లేదు. వేళకు తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది, జోకులకు నవ్వుతున్నాను, నవ్వాల్సిన చోటే నవ్వుతున్నాను. అమ్మ పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించాను, చెప్పులు దారికి అడ్డం లేకుండా పక్కకు సర్దాను. ఏమిటే నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతున్నావు, ఒక్కసారి ఏడు, గుండె తేలికపడుతుంది అని పిన్ని నా వీపు నిమిరింది. ఏడుద్దామనే చూశాను. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతుంది చూడండి, అలాగే ఆగిపోయింది, అంతే, మళ్ళీ రాలేదు. గట్టి పిల్ల అని అందరూ అనుకున్నారు. తమ్ముడైతే గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాణ్ణి చూస్తే నాకు జాలేసింది అనుకుంటున్నాను, జాలి అంటే ఇలాగే ఉంటుందని గుర్తు. పదమూడు.

ఆ రోజు కూడా గసగసాల పువ్వే. ఇదే బల్ల, ఇదే గంట. ఫోను మాత్రం ఇక్కడ ఉండకూడదు. మర తిప్పడం మొదలుపెట్టే ముందు ఫోను బయటి గదిలో, మేకుకు తగిలించిన సంచీలో వేయాలి. ఈ రూలు నేనే పెట్టుకున్నది, గదిలోకి వచ్చేవాళ్ళందరి చేతా పాటింపజేసేది. ఆ రోజు మాత్రం క్యాలెండర్లు వేయించే మేడమ్ ఫోను చేస్తానంది, రంగు సంగతి తేల్చాలి, ఒక్కసారికి ఏమవుతుందిలే అని బల్ల మీదే పెట్టుకున్నాను. నలభై ఒకటి అయింది. మర తిప్పాను, ఆగాను, బొత్తాం మీద వేలు పెట్టాను. ఫోను వణికింది. పల్చటి చెక్క బల్ల, దాని మీదే పువ్వు నిలబెట్టిన స్టాండు. రేకులు అన్నీ ఒక్కసారిగా జల్లుమన్నాయి. చూశాను. ఫోను అద్దం మీద అమ్మ అని వెలుగుతోంది. పెద్ద అక్షరాలు, నాకు నేనే పెద్దవి పెట్టుకున్నాను. చూశాను, చదివాను, బొత్తాం నొక్కాను. నలభై రెండు. ఎత్తితే మాట్లాడాలి, మాట్లాడితే ఊపిరి, ఊపిరికి రేకు కదులుతుంది, మళ్ళీ మొదటి నుంచి తీసే టైము లేదు, రేపటికి ఈ పువ్వు ఉండదు. ఇవన్నీ అప్పుడు అనుకున్నానో, తర్వాత అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. మోగి మోగి ఆగిపోయింది. నేను మర తిప్పాను. నలభై మూడు తీశాను.

అమ్మ ఒంటిగంటకూ రెండింటికీ మధ్య ఎప్పుడూ ఫోను చేయదు. ఈ ముక్క ఎవరూ నన్ను అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అమ్మానాన్నలుండే ఇల్లు ఇక్కడికి రెండు వీధులు, నడిస్తే ఐదు నిమిషాలు, నేను పడుకునేది ఇక్కడే, బయటి గదిలో. ఒంటిగంట కొడుతుండగానే అమ్మ అక్కడ వంటింట్లో గిన్నెలు నెమ్మదిగా దించేదట. చప్పుడు చేయకండి, మా అమ్మాయి ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది ఇప్పుడు అని పక్కింటావిడతో అనేదట. రెండు వీధుల అవతల గిన్నె దించితే నా పువ్వు కదలదమ్మా అని నేను ఎన్నిసార్లు నవ్వినా, ఏమో నీ కెమెరా సంగతి నాకేం తెలుసు అనేది. తన ఒళ్ళు బాగాలేకపోయినా, గ్యాస్ అయిపోయినా, చుట్టాలొచ్చి కూర్చున్నా రెండు దాటాకే చేసేది. అలాంటి మనిషి ఒకటీ ఇరవై రెండుకు చేసిందంటే ఏమిటర్థం? నాకు తెలుసు. ఆ అద్దం మీద పేరు చదివిన ఆ ఒక్క క్షణంలోనే, ఈ వేళప్పుడు చేసిందేమిటి అని నా లోపల ఎవరో అన్నారు. వాళ్ళ మాట నేను వినలేదు. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

నాన్న ఆ రోజు ప్రెస్సుకు వెళ్ళాడు, రిటైరయినా కొత్తవాళ్ళకు నేర్పడానికి అప్పుడప్పుడూ పిలుస్తారు. ఒకటీ యాభైకి ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింటి గుమ్మం దగ్గర పడిపోయి ఉంది. ఫోను చేతి పక్కనే ఉంది. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. ఒక ఇరవై నిమిషాలు ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళం అన్నాడు డాక్టరు. బతికేది అనలేదు, చూసేవాళ్ళం అన్నాడు. ఆ మాటను నేను చాలాసార్లు మర తిప్పినట్టు కొద్దికొద్దిగా తిప్పి చూశాను, ప్రతిసారీ ఒక పొర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది, మొత్తం మాట ఎప్పుడూ కనిపించదు. అమ్మ ఫోనులో ఆఖరి కాల్ నాకేనని అందరికీ తెలుసు. నా నోటి నుంచి ఏ మాటా రాకముందే, ఆసుపత్రి వరండాలో, నాన్నే ఊరి నుంచి అప్పుడే దిగిన తమ్ముడితో అన్నాడు, అది పనిలో ఉంటే ఫోను బయటి గదిలో పెడుతుంది కదరా, దానికెలా వినిపిస్తుంది అని. అవును, బయటి గదిలో ఉంది అన్నాను. నేను చెప్పిన అబద్ధం అంతా కలిపి ఇంతే. నాన్న అల్లి ఇచ్చాడు, నేను తొడుక్కున్నాను.

ఇంకొక సంగతి ఉంది. అమ్మ పోయాక నాన్న తన ఫోను మానేసి అమ్మ ఫోనే వాడుతున్నాడు. పాలవాడూ గ్యాస్‌వాడూ బట్టల ఇస్త్రీ అతనూ అందరూ ఆ నంబరుకే చేస్తారు, కొత్తగా అందరికీ చెప్పుకోవడం ఎందుకన్నాడు. నేను పేరు మార్చలేదు. మార్చడానికి రెండుసార్లు కూర్చున్నాను, వేలు కదల్లేదు. నాన్న ఎప్పుడు చేసినా నా ఫోను మీద అమ్మ అనే వెలుగుతుంది. నేను ఎత్తను. మోగనిచ్చి, ఐదు నిమిషాలాగి నేనే చేసి, పనిలో ఉన్నా నాన్నా, చెప్పు అంటాను. పొద్దున ఆరింటికి చేసినా పనిలో ఉన్నాననే అంటాను. నాన్న ఒక్కసారి కూడా, ఆరింటికి ఏం పనే నీకు అని అడగలేదు. ముప్పై.

నడుము పట్టేసింది. కొంచెం నిటారుగా అవుదామా అంటే నేల కదులుతుంది. ఆ రోజు తీసిన ఎనభైనీ నేను మళ్ళీ తెరిచి చూడలేదు. పది రోజుల తర్వాత మేడమ్ గుర్తుచేస్తే ఉన్నవి ఉన్నట్టు పంపేశాను. వాళ్ళ మనుషులే కలుపుకున్నారు. నలభై రెండో ఫ్రేములో రేకు వణికింది, వణికి వెంట్రుకవాసి పక్కకు జరిగి అక్కడే నిలబడిపోయింది. ముందు తీసిన నలభై ఒకటీ ఒక చోట, తర్వాతవి ఇంకో చోట. కలిపితే రేకు అంచు ఒక గీతకు బదులు రెండు గీతలయింది. మా పనిలో ఇంతకు మించిన తప్పు లేదు, పారేయాల్సిన బొమ్మ. మేడమ్ ఫోను చేసి, పువ్వు ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది, ఎలా తీశావు, ఇదే కవరు అంది. నేను థాంక్యూ మేడమ్ అన్నాను. నాకు అప్పుడూ ఏమీ అనిపించలేదు. నలభై వేల కాపీలు వేశారు. ఎక్కడ పడితే అక్కడ గోడల మీద అమ్మ నాకు చేసిన ఆఖరి ఫోను వేలాడుతోంది.

నాన్నకు ఒక కాపీ నేనే ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదంటాడని. ముఖం దగ్గర పెట్టుకున్నాడు, దూరం పెట్టాడు, జేబులోంచి భూతద్దం తీశాడు. ఇది మూడు వారాల కిందటి మాట. ప్రెస్సు తప్పయితే ఒక రంగు పక్కకు పోతుంది, అంచుకు ఒకవైపు నీలం, ఇంకోవైపు ఎరుపు బయటకు తొంగిచూస్తాయి. ఇక్కడ అలా లేదు, రెండు గీతలూ ఒకే రంగు. నాన్న భూతద్దాన్ని అంచు వెంట చీమ నడిచినంత నెమ్మదిగా జరిపాడు. ప్రెస్సు తప్పు కాదే ఇది, అన్నాడు, పువ్వే కదిలింది, ఏం కదిలించింది దాన్ని? కింద మిషను ఏదో మొదలుపెట్టి ఉంటారు నాన్నా, అన్నాను. ఒంటిగంటకా, అన్నాడు. నేను మంచినీళ్ళు తెస్తానని లేచాను. తిరిగొచ్చేసరికి క్యాలెండరు మడిచి బల్ల మీద పెట్టి ఉంది. అప్పటి నుంచి ఆ మాట ఎత్తలేదు. ఎత్తడేమోనని భయం లేదు, ఎత్తుతాడేమోనని భయం. ఉన్నది నాన్న ఒక్కడు. తమ్ముడు వేరే ఊళ్ళో వాడి సంసారంలో వాడున్నాడు. నాన్న కూడా నా ముఖం చూడనంటే నాకిక భూతద్దం అని పిలవడానికి ఎవరూ ఉండరు. ఈ భయం ఒక్కటే ఈ ఎనిమిది నెలల్లో నాకు భయంగా అనిపించింది, మిగతావన్నీ దూదిలో చుట్టినట్టు ఉన్నాయి. ముప్పై ఆరు.

వచ్చే ఏడాదికి మేడమ్‌కు ఆరు పువ్వులు కావాలి, ఆరింటికీ ఆ వణుకు కావాలి. అదొక స్టైలనుకుంటోంది పాపం. బల్ల మీద వేలితో కొట్టి చూశాను, రబ్బరు జారవిడిచి చూశాను, అలారం పెట్టి చూశాను, ఊది చూశాను. ఊదితే పుప్పొడి లేచిపోయింది. ఏదీ ఆ వణుకు కాదు. మొన్నటి నుంచీ తెలుసు నాకు, ఆ వణుకు కావాలంటే ఫోను ఆ చోటే పెట్టాలి, నలభై రెండు దగ్గర ఎవరో ఒకరు చేయాలి. మాస్టరును అడుగుదామనుకున్నాను, కానీ ఆయన భోజనానికి పోతే ఫోను ఎత్తడు, చేయడు. ఇందాక నాన్న లోపలికి వస్తూనే బల్ల మీద ఫోను చూశాడు. చొక్కా జేబు తడుముకున్నాడు, ఏమీ తీయలేదు.

"ఫోను బయట పెడతావుగా?"

"ఇవాళ దీంతో పనుంది నాన్నా. మధ్యలో ఎవరన్నా రింగివ్వాలి. బల్ల అదరాలి."

"నేనిస్తాలే."

"వద్దులే, కింద మాస్టర్ని..."

"వాడు తింటుంటే దేవుడు పిలిచినా పలకడు. నేనిస్తానన్నాగా. ఎప్పుడో చెప్పు."

చేయెత్తుతాను, అప్పుడు అన్నాను. ఎందుకు ఒప్పుకున్నాను? ఎవరో చేయాలి కదా అని. ఎవరు చేస్తే ఏం, వణుకు వణుకే అని. నిజానికి ఆ నిమిషంలో నాకు ఏమీ అనిపించలేదు, అందుకే ఒప్పుకున్నాను. పన్ను పీకేటప్పుడు మత్తుమందు ఇచ్చాక పెదవి కొరుక్కున్నా తెలియదు, రక్తం చూశాక తెలుస్తుంది. మర తిప్పుతున్నాను. ముప్పై తొమ్మిది. కేసరాల తలలు దాటి లోపలికి వచ్చాను, రేకు మొదలు దగ్గర నల్లమచ్చ స్పష్టమవుతోంది, వీధిలో ఎవరో నవ్వుతూ పోయారు, నాన్న ఊపిరి వినిపిస్తోంది, ముక్కులో చిన్న ఈల, అమ్మ దాన్ని వెక్కిరించేది. నలభై. నాన్న చేతిలో ఫోను ఉంది, తొడ మీద పెట్టుకున్నాడు, బొటనవేలు దాని మీద. ఆయన నా వైపు చూడటం లేదు, పువ్వు వైపు చూస్తున్నాడు. రేకు అంచు వైపు. ముప్పై నాలుగేళ్ళు అంచులు చూసిన కన్ను. నలభై ఒకటి. ఇప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఎందుకొచ్చాడో. మర తిప్పాను. ఆగాను. బొత్తాం మీద వేలు పెట్టాను. రెండో చేయి ఎత్తాను. ఎత్తకుండా ఉండవచ్చు, చేయి నాదే, అయినా ఎత్తాను.

రేకులు జల్లుమన్నాయి. అమ్మ అని వెలిగింది. అచ్చం అలాగే, చెక్క బల్ల బుర్రుమంది, పువ్వు ఒళ్ళంతా వణికింది, వెనక రేకు అంచు వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఇప్పుడే నొక్కాలి. బొత్తాం మీద వేలు ఉంది, వేలు నా మాట వినడం లేదు. మళ్ళీ వణికింది. అమ్మ. నాన్న ఆపడం లేదు. ఒక్కసారి మోగించి ఆపేస్తే చాలని చెప్పాను, ఆపడం లేదు. మూడోసారి. నాలుగోసారి. నేల నిలబడే ఉంది, కింద ఒక్క మిషను కూడా తిరగడం లేదు, ఊళ్ళో ఇంకెక్కడా ఏమీ కదలడం లేదు, ఈ పువ్వు తప్ప. ఐదు. నేను తీగ వదిలేశాను. బొత్తాం బల్ల అంచుకు తగిలి వేలాడింది. ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. నాన్న నాలుగడుగుల దూరంలో అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ఇద్దరం పువ్వునే చూస్తున్నాం. ఆయన గొంతు గదిలోంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి వినిపించింది.

"తీశావా?"

"లేదు."

"ఆ రోజు తీశావు."

"తీశాను."

"పేరు కనిపించిందా?"

"కనిపించింది."

"చదివావా?"

"చదివాను నాన్నా. చదివే నొక్కాను."

నాన్న ముక్కులో ఈల ఆగిపోయింది.

"అప్పటికి ఇంకా ఎన్ని మిగిలాయి?"

"ముప్పై ఎనిమిది."

"ఒక్కోటి ఎంతసేపు?"

"అర నిమిషం."

ఆయన పెదవులు కదిలాయి. లెక్క కట్టుకుంటున్నాడు. చిన్నప్పుడు నా హోంవర్కు కూడా అలాగే పెదవులతో చేసేవాడు. "పంతొమ్మిది," అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండును, నేను ఆగలేదు, ఆగకూడదనిపించింది. అయిపోయాక చేశాను నాన్నా, ఎత్తలేదు, స్నానానికి వెళ్ళిందేమో అనుకున్నాను, లెన్సులు తుడిచి మూతలు పెట్టుకున్నాను, దీపాలు చల్లారేదాకా కూర్చున్నాను, అంతలో నువ్వు చేశావు. ఈ వేళప్పుడు అమ్మ చేయదని నాకు తెలుసు. తెలిసే తీశాను. ఇదంతా ఫోనులోకే చెప్పాను, ఆయన వైపు తిరగకుండా. చెబుతుంటే నా గొంతు రేడియోలో ధరలు చదువుతున్న గొంతులా సాఫీగా వచ్చింది, దానికి నాకే సిగ్గేసింది.

నాన్న ఫోను చెవి దగ్గర నుంచి దించి జేబులో వేసుకున్నాడు, భూతద్దం పక్కన. లేచాడు. నేల కదిలింది, పువ్వు నుంచి రేకు ఒకటి ఊడి బల్ల మీద పడింది. నేను దాన్ని చూశాను, ఆయన కూడా చూశాడు. నా దగ్గరకు వస్తాడేమో, కొడతాడేమో, తల మీద చేయి పెడతాడేమో అని మూడూ ఒకేసారి అనిపించాయి. రాలేదు. గుమ్మం అవతల చెప్పులు వెతుక్కున్నాడు, కుడిది ఎడమ కాలికి తొడిగి మళ్ళీ మార్చుకున్నాడు.

"తమ్ముడికి చెప్పకు," అన్నాడు, అటు తిరిగే.

"చెప్పను."

"ఫోను బయటి గదిలో ఉందని అందరికీ నేనే చెప్పా. అదే చెప్తా ఇకముందు కూడా. ఎవరడిగినా అదే."

"నాన్నా..."

"కొన్నాళ్ళు ఇంటికి రాకమ్మా. నిన్ను చూస్తే ఆ పంతొమ్మిది గుర్తొస్తుంది నాకు. తిట్టాలనీ లేదు, ఓదార్చాలనీ లేదు. కాస్త కాలం పోనీ."

మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతున్నాడు, ఎప్పటి నుంచి అలా దిగుతున్నాడో నేను గమనించలేదు. నేను నిలబడే ఉన్నాను. గదిలో దీపాలన్నీ వెలుగుతున్నాయి, వేడికి ఇంకో రేకు వదులవుతోంది, మేడమ్‌కు ఏదో ఒకటి చెప్పాలి, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పాలి, కాడ పెట్టిన గిన్నెలో నీళ్ళు తగ్గాయి. ఇలా ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటున్నాను, అనుకోవడం బాగానే సాగుతోంది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. దించబోతుంటే అందులో చప్పుడు. బట్ట రాసుకున్న చప్పుడు, అడుగులు, దూరంగా బస్సు హారను. నాన్న ఫోను పెట్టేయలేదు. పెట్టేశాననుకుని జేబులో వేసుకున్నాడు. అమ్మ అని ఇంకా వెలుగుతూనే ఉంది, పక్కన నిమిషాలు పెరుగుతున్నాయి.

పెట్టేయాల్సింది. పెట్టేయలేదు. మొదటి వీధి అయింది, ఎవరో బాగున్నారా అండీ అన్నారు, ఆఁ బాగున్నా అన్నాడు, మామూలు గొంతే. రెండో వీధి మలుపులో వెల్డింగ్ షాపు చప్పుడు వచ్చి పోయింది. గేటు కిర్రుమంది. తాళం రెండుసార్లు తిప్పాడు. తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు జేబు బట్ట చప్పుడు కూడా లేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడో, కింద కూర్చున్నాడో తెలియలేదు. అప్పుడు వినిపించింది. మొదట దగ్గు అనుకున్నాను. దగ్గు కాదు, మా నాన్న ఏడుస్తున్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన ఏడవడం నేను చూడలేదు, ఎవరూ చూడలేదు, ఆయన కూడా నాలాగే గట్టివాడని అందరూ అనుకున్నారు. ఇల్లంతా ఖాళీగా ఉందని ఆ ఏడుపుకు తెలుసు, అందుకే అంత గట్టిగా వస్తోంది. ఏయ్, ఏయ్ అని ఎవరినో పిలుస్తున్నాడు. అమ్మను ఆయన పేరు పెట్టి పిలిచేవాడు కాదు, ఏయ్ అనే పిలిచేవాడు. ఆ రోజు తుమ్ములా ఆగిపోయిన ఏడుపు ఈసారి ఆగలేదు, ముక్కూ కళ్ళూ ఒకేసారి కారాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, నేను వింటున్నానని ఆయనకు తెలియకూడదు. రావద్దన్నాడు. రావద్దని స్పష్టంగా చెప్పాడు. ఇల్లు రెండు వీధులు, నడిస్తే ఐదు నిమిషాలు, పరిగెడితే రెండు. దీపాలు ఆర్పలేదు, లెన్సుకు మూత పెట్టలేదు. ఫోను చెవి దగ్గరే పట్టుకుని మెట్లు దిగాను.